రెండున్నర వేలలో డ్రిప్ కాఫీ మేకర్: కొనాలా, స్టీలు ఫిల్టరుతోనే కానిచ్చేయాలా?

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. మియాపూర్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఫ్లాట్ తీసుకుంది. మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి, "అక్కా, కాఫీ మేకర్ కొంటున్నా, 2,500 లోపు, ఏది తీసుకోమంటావ్? ఆఫర్ ఈ రాత్రితో అయిపోతోంది" అంది. నేనడిగింది ఒక్కటే, పాలు పోసుకుని తాగుతారా, బ్లాకా అని. "పాలే అక్కా, మన ఫిల్టర్ కాఫీ" అంది. "అయితే ఆఫర్ పోతే పోనీ, పడుకో" అన్నాను.

మర్నాడు తీరిగ్గా మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మా ఇంట్లోకి ఇప్పటిదాకా రెండు డ్రిప్ మిషన్లు (వేడినీళ్లు పొడి మీద పడి కాఫీ కింద జగ్గులోకి దిగే కరెంటు మిషన్లు), మూడు స్టీలు ఫిల్టర్లు, ఒక ఫ్రెంచ్ ప్రెస్సు (పొడిని వేడినీళ్లలో నాననిచ్చి జాలీతో కిందికి నొక్కే జగ్గు) వచ్చాయి. అందులో ఒక మిషను వచ్చిన రోజే కాలిపోయింది (ఆ కథ కింద ఉంది, అమెరికాలో చుట్టాలున్నవాళ్లు తప్పకుండా చదవండి). ఇంకోటి ఐదేళ్లుగా పనిచేస్తూనే ఉంది. కాబట్టి నాకు మిషన్ల మీద కోపం లేదు. కాకపోతే వాటిని కొనేవాళ్లలో సగం మంది అది చేయని పని కోసం కొంటున్నారని నా గట్టి నమ్మకం.

డికాక్షన్ వేరు, డ్రిప్ కాఫీ వేరు

అమెరికాలో, యూరప్‌లో ఇంట్లో డ్రిప్ కాఫీ అంటే ఒక పెద్ద మగ్గు నిండా పల్చటి కాఫీ. పాలు పోసినా చెంచాడో రెండు చెంచాలో పోస్తారు. అక్కడ మామూలుగా చెప్పే కొలత లీటరు నీళ్లకి 55 నుంచి 60 గ్రాముల పొడి. అంటే 100 మిల్లీలీటర్లకి ఆరు గ్రాములు మించదు. మన ఇంట్లో స్టీలు ఫిల్టరులో ఏం చేస్తాం? 30 గ్రాముల పొడి వేసి 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాం. 100 మిల్లీలీటర్లకి 20 గ్రాములు. మూడింతలకి పైమాటే. పైగా దాన్ని అలాగే తాగం, రెండు మూడు వంతుల పాలలో కలుపుతాం.

ఇప్పుడు ఆ డ్రిప్ మిషను పుస్తకంలో రాసినట్టే కాఫీ పెట్టి, అందులోంచి 40 మిల్లీలీటర్లు తీసి గ్లాసుడు పాలలో పోయండి. కాఫీ వాసన వేసిన పాలు వస్తాయి. కొనుక్కున్నవాళ్లు "కాఫీ నీళ్లలా వస్తోంది, దండగ" అని ఒక స్టార్ ఇచ్చి తిట్టుకునేది అందుకే. పాపం మిషను దాని పని అది చేసింది.

అందుకని నా మొదటి సలహా: ఏ కంపెనీ, ఎన్ని వాట్లు అని చూసేముందు, వారంలో మీ ఇంట్లో ఎన్ని కప్పులు పాలతో, ఎన్ని కప్పులు పాలు లేకుండా తాగుతున్నారో ఒకసారి లెక్కేసుకోండి. ఇప్పుడు తాగుతున్న లెక్క. జనవరి ఒకటి నుంచి బ్లాక్ కాఫీ మొదలెట్టి బరువు తగ్గుతాను లాంటి లెక్కలు కాదు.

లోపల ఏముందో ఒకసారి చూడండి

చవక డ్రిప్ మిషను విప్పి చూస్తే ఆశ్చర్యమేస్తుంది, ఇంత చిన్న సామానా అని. వెనక నీళ్ల ట్యాంకు. దాని అడుగున నీళ్లని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వు. అక్కడి నుంచి గుర్రపు నాడా ఆకారంలో ఒక అల్యూమినియం గొట్టం, దానికి అతుక్కుని హీటరు. గొట్టంలోకి వచ్చిన కాసిని నీళ్లు మరిగి, బుడగలు పైకి తన్నుకొచ్చి, వేడినీళ్లని పైన పొడి మీదకి ఎత్తిపోస్తాయి. ఆ గుడగుడ శబ్దం అదే. మోటారు లేదు, పంపు లేదు. ట్యాంకు ఖాళీ అయ్యాక చివర్లో బుస్సుమని ఆవిరి వస్తుంది, అంతే, కాఫీ అయినట్టు. గాజు జగ్గు కింద ఉండే వేడి పళ్లేనికీ వేరే హీటరు ఉండదు, ఈ హీటరే దాన్ని కూడా కాలుస్తుంది.

ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దీంతోనే ఒక చిక్కుంది. కాఫీ దిగిన తర్వాత కూడా ఆ పళ్లెం వేడిగానే ఉంటుంది, జగ్గులో ఉన్న కాఫీ నెమ్మదిగా మాడుతూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు ఫర్వాలేదు. గంట తర్వాత తాగితే పుల్లగా, చేదుగా, ఆఫీసు క్యాంటీన్‌లో సాయంత్రం నాలుగింటికి దొరికే కాఫీ లాగా ఉంటుంది. మా ఇంట్లో కాఫీ దిగిన వెంటనే స్విచ్ ఆపేసి ఫ్లాస్కులో పోసేస్తాం. ఆ ఫ్లాస్కు పాతదే, ఎవరి పెళ్లిలోనో వచ్చింది.

కాఫీని కాగితంలో వడగట్టే పద్ధతి మొదలైంది 1908లో, జర్మనీలోని డ్రెస్డెన్‌లో. మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కప్పు అడుగున మడ్డి మిగలడం విసుగొచ్చి, ఇత్తడి గిన్నెకి చిల్లులు కొట్టి, కొడుకు నోటుపుస్తకంలోంచి సిరా అద్దే కాగితం తీసి అందులో వేసింది. చిల్లుల గిన్నె, పైనుంచి వేడినీళ్లు, కిందికి బొట్టు బొట్టుగా కాఫీ. మన వంటింటి ఫిల్టరుకీ దానికీ ఎంత దగ్గరి చుట్టరికమో చూడండి, మధ్యలో కాగితం ఒక్కటే తేడా. దానికి కరెంటు తగిలించిన విగోమాట్ 1954లో వచ్చింది, అదీ జర్మనీలోనే. అమెరికా వంటిళ్లలోకి డ్రిప్ మిషను దూసుకెళ్లింది మాత్రం 1972లో వచ్చిన మిస్టర్ కాఫీ అనే మిషనుతో. అంతకుముందు వాళ్లు పెర్కోలేటర్‌లో అదే కాఫీని తిప్పి తిప్పి మరిగించుకునేవాళ్లు. అది వదిలించుకున్నందుకు సంబరపడే ఉంటారు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా చవక మిషనులో పెద్దగా మారిందేమీ లేదు. అందుకే ఆరు బటన్లు, డిజిటల్ గడియారం ఉన్నదానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టకండి. లోపల గొట్టం అదే.

సరే, కొందామనుకుంటే ఏం చూడాలి

మొదట సైజు. పెట్టె మీద "6 కప్పులు", "7 కప్పులు" అని ఉంటే అది మన గ్లాసుల లెక్క కాదు. 0.6 లీటర్ల మిషనుని ఏడు కప్పులదని అమ్మేస్తారు, అంటే కప్పుకి 85 మిల్లీలీటర్లు. అమెరికాలో ఇంకో లెక్క: అక్కడ కాఫీ మేకర్ మీద కప్పు అంటే 5 ఔన్సులు, దాదాపు 150 మిల్లీలీటర్లు, కాబట్టి 12 కప్పుల మిషను పట్టేది లీటరూ ముప్పావు. అందుకని కప్పులు వదిలేసి లీటర్లు చూడండి. ఇద్దరు ముగ్గురికి 0.6 లీటరు సరిపోతుంది. "రేపు చుట్టాలొస్తే" అని పెద్దది కొనకండి. పెద్ద మిషనులో కాసిని నీళ్లు, కాసింత పొడి వేస్తే, వెడల్పు బుట్టలో పొడి పల్చగా పరుచుకుని, నీళ్లు రుచి లాగకుండానే కిందికి జారిపోతాయి. చుట్టాలొస్తే రెండుసార్లు పెట్టండి, వాళ్లేమీ పారిపోరు.

రెండోది, పొడి వేసే బుట్ట ఆకారం. తక్కువ కాఫీ పెట్టుకునేవాళ్లకి శంకువులా కిందికి సన్నగా ఉన్నది మంచిది. కాస్త పొడి వేసినా లోతుగా నిలుస్తుంది.

మూడోది ఎవరూ చూడరు, నా దృష్టిలో అదే ముఖ్యం. మూత ఎత్తి నీళ్లు ఎక్కడి నుంచి పడతాయో చూడండి. చాలా చవక మిషన్లలో ఒకే ఒక్క చిల్లు ఉంటుంది. మాదీ అంతే. కొన్న వారం రోజులకి, కాఫీ ఎందుకు పల్చగా వస్తోందో తెలీక, సగంలో మూత ఎత్తి చూశాను. నీళ్ల ధార సరిగ్గా నడిమధ్యన పడి, పొడిలో అర్ధ రూపాయి బిళ్లంత గుంట తవ్వేసింది, ఆ గుంటలోంచి నీళ్లన్నీ కిందికి పోతున్నాయి. చుట్టూ అంచుకి ఆనుకున్న పొడి మాత్రం పొడిపొడిగా, డబ్బాలోంచి ఇప్పుడే తీసినట్టు ఉంది. 35 గ్రాములు వేస్తే పనిచేస్తోంది 20 గ్రాములే. అప్పటి నుంచి నేను చేసేదేమిటంటే, స్విచ్ వేసి, కాస్త నీళ్లు పడగానే ఆపేసి, మూత ఎత్తి, పొడవాటి చెంచాతో పొడి అంతా తడిసేలా ఒక్కసారి కలిపి, అర నిమిషం నాననిచ్చి మళ్లీ స్విచ్ వేస్తాను. ఆవిరి తగులుతుంది, చెయ్యి జాగ్రత్త. ఈ ఒక్క పనితో వచ్చే తేడా ఇంకో రెండు వేలు పెట్టి పై మోడల్ కొన్నా రాదేమో. అయినా కొనేటప్పుడే నాలుగైదు చిల్లులతో నీళ్లు చల్లే రకం దొరికితే అదే తీసుకోండి.

వాట్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు. 0.6 లీటర్ల నీళ్లని గది వేడి నుంచి 95 డిగ్రీలకి తేవడానికి 750 వాట్ల హీటరుకి లెక్క ప్రకారం నాలుగు నిమిషాలు చాలు, నిజంగా ఐదారు పడుతుంది. కరెంటు యూనిట్‌లో సుమారు పదిహేనో వంతు. రూపాయి కూడా కాదు. కాఫీ పొడి మీదకి పడే నీళ్లు 92 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంటారు. చవక మిషన్లలో మొదట పడే నీళ్లు అంత వేడిగా ఉండవు, చివరికొచ్చేసరికి అందుకుంటాయి. అందుకే మరీ ఒక్క కప్పుకి మిషను పెడితే రుచి రాదు, సగం కాఫీ ఆ గోరువెచ్చటి నీళ్లతోనే అయిపోతుంది. కనీసం 300 మిల్లీలీటర్లు పెట్టండి. ఈ వేడి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంచే మిషన్లు ఉన్నాయి, నెదర్లాండ్స్‌లో చేసే మొకామాస్టర్ లాంటివి. అవి 300 డాలర్లకు పైనే, మన బడ్జెట్ కాదు.

ఇక జగ్గు. మిషను కాలిపోయే లోపు జగ్గు పగులుతుంది, ఇది రాసిపెట్టుకోండి. కొనేముందే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, జగ్గు విడిగా దొరుకుతుందా, ఎంత అని అడగండి. నాలుగు సార్లు ఫోన్ చేసినా సరైన జవాబు రాకపోతే ఆ మోడల్ వదిలేయండి. ఫిలిప్స్, ప్రీతి, మార్ఫీ రిచర్డ్స్ లాంటి కంపెనీల చిన్న మిషన్లు మన దగ్గర దొరుకుతాయి, వాటిలో ఏది కొన్నా పై నాలుగూ చూసుకున్నాకే. షాపులో కొంటే జగ్గులో నీళ్లు పోయించి ఒకసారి వంచి చూడండి. కొన్ని జగ్గులు మూతి దగ్గర సరిగ్గా ఉండక, సగం కప్పులో సగం గట్టు మీద పోస్తాయి, రోజూ తుడుచుకునేది మీరే.

కాగితం ఫిల్టరా, మిషనుతో వచ్చే నైలాన్ జాలీయా అంటే, మొదట్లో జాలీతో కానిచ్చేయండి, దానికి ఖర్చు లేదు. కాకపోతే జాలీలోంచి కాఫీ నూనె, సన్నటి మడ్డి కూడా దిగుతాయి. కొంతమందికి అదే ఇష్టం, కాస్త చిక్కగా అనిపిస్తుంది. ఇంట్లో కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు రోజుకి మూడు నాలుగు కప్పులు తాగుతుంటే మాత్రం కాగితమే వాడండి. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, కాగితం దాన్ని చాలావరకు పట్టేస్తుంది. మన స్టీలు ఫిల్టరూ, ఫ్రెంచ్ ప్రెస్సూ పట్టవు. మా మామగారికి రిపోర్టు వచ్చాక మేం కాగితానికి మారాం. కాగితం కొనేటప్పుడు సైజు నంబరు చూసుకోండి, చిన్న శంకువు బుట్టకి సాధారణంగా 2వ నంబరు, పెద్దదానికి 4. బుట్టలో పెట్టేముందు కుట్టిన అంచుని మడవండి, లేదంటే సగంలో అది లోపలికి పడిపోయి పొడంతా జగ్గులోకి వస్తుంది.

డల్లాస్ మిషను కథ

మా మరిది డల్లాస్ నుంచి వస్తూ 12 కప్పుల మిషను తెచ్చాడు. కొత్తది, పెట్టె కూడా విప్పలేదు, 25 డాలర్లట. పిన్ను మార్చే అడాప్టర్ కూడా జాగ్రత్తగా తెచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డాం. స్విచ్ వేశాం. నీళ్లు మామూలుగా గుడగుడమనాల్సింది, భళభళమని మూతలోంచి బయటికి తన్నాయి, ఆవిరి, వెంటనే ప్లాస్టిక్ మాడిన కంపు, టక్‌మని ఆగిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అత్తయ్య లేచి వెళ్లి స్టీలు ఫిల్టరు కడగడం మొదలుపెట్టింది, ఒక్క మాట కూడా అనలేదు.

జరిగింది ఇదీ. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది గానీ వోల్టులు మార్చదు. 120 వోల్టుల మీద 900 వాట్లు తీసుకునే హీటరుకి 230 ఇస్తే అది రెట్టింపుతో ఆగదు, దాదాపు 3,300 వాట్లు లాగుతుంది. లోపల ఉన్న థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే తెగిపోయి కరెంటు ఆపేసేది) తెగిపోబట్టి అంతటితో ఆగింది. ఫోన్ చార్జర్ మీద "100-240" అని ఉంటుంది కాబట్టి అది ఎక్కడైనా పనిచేస్తుంది, కాఫీ మిషను, ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ లాంటివాటి అడుగున "120" అని ఒక్కటే ఉంటే తేవద్దని చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా అని మా మరిది అన్నాడు. 900 వాట్లని మోయగల ట్రాన్స్‌ఫార్మర్ కిలోల బరువు, దాని ఖరీదు మిషను ఖరీదుకంటే ఎక్కువ.

అమెరికాలోనే ఉండి అక్కడే కాఫీ పెట్టుకునే మనవాళ్లకైతే నా సలహా వేరు. అక్కడ చవక మిషన్లకి కొదవలేదు, కానీ ఇద్దరే ఉంటే 12 కప్పులది కాకుండా 5 కప్పులది, ముప్పావు లీటరు పట్టేది, తీసుకోండి. పాల కాఫీ కోసం ఇక్కడి నుంచి ఒక స్టీలు ఫిల్టరు సూట్‌కేసులో పడేసుకుని వెళ్లండి, దానికి వోల్టులతో పనిలేదు.

పొడి తప్పయితే ఏ మిషనూ ఏమీ చేయలేదు

మన దగ్గర ప్యాకెట్లలో వచ్చే ఫిల్టర్ కాఫీ పొడి చాలావరకు చికోరీ (ఒక మొక్క వేరుని వేయించి చేసే పొడి) కలిపినది, పైగా స్టీలు ఫిల్టరు కోసం సన్నగా ఆడించినది. చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ ఉన్నా అది చట్టప్రకారం బ్రహ్మాండమైన సరుకే. స్టీలు ఫిల్టరులో 20, 30 శాతం చికోరీ ఉంటే రంగు, చిక్కదనం వస్తాయి, పాలని తట్టుకుంటుంది, నేనూ అదే వాడతాను. అదే పొడిని డ్రిప్ మిషనులో కాగితం మీద వేస్తే జిగురులా పట్టేసి, నీళ్లు దిగక, బుట్ట నిండి, అంచు మీదుగా పొడితో సహా పొంగి పొర్లుతుంది. మిషను చెడిపోయిందనుకుంటారు. కాదు.

మిషనుకి కావలసింది చికోరీ లేని పొడి, బరకగా ఆడించినది. గింజలు ఆడించి ఇచ్చే కొట్టుకి వెళ్లి "బొంబాయి రవ్వలా పట్టండి" అనండి, వాళ్లకి ఠక్కున అర్థమవుతుంది. ఫ్రెంచ్ ప్రెస్సుకైతే ఇడ్లీ రవ్వలా. స్టీలు ఫిల్టరుకి రవ్వకంటే సన్నగా, కానీ మైదాలా కాకుండా. పావుకిలోకి మించి ఆడించుకోకండి, రెండు వారాలు దాటితే వాసన సగం పోతుంది. బ్లాక్ తాగేవాళ్లు అరకు అరబికా ఒకసారి ప్రయత్నించండి, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలు లేకుండా తాగినప్పుడే ఆ రుచి తెలుస్తుంది, పాలు, చక్కెర, చికోరీ మూడూ వేసి "ఏంటి ఇందులో గొప్ప" అంటే దాని తప్పు కాదు. ఇన్‌స్టంట్ పొడి మిషనులో వేయకండి, ఇది రాయాల్సి వస్తోందంటే ఎవరో అడిగారనే కదా.

కొలత: 0.6 లీటర్లకి 35 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో సుమారు ఆరేడు. మిషనుతో వచ్చిన ప్లాస్టిక్ చెంచాని నమ్మకండి, ఒకసారి వంటింటి త్రాసులో తూచుకుంటే చాలు.

మిషనులోనే పాల కాఫీకి డికాక్షన్ చేసుకోవాలని పట్టుదలగా ఉంటే దారి ఉంది. 40 గ్రాముల పొడి వేసి 250 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే పోయండి, పైన చెప్పినట్టు మధ్యలో ఆపి కలపండి. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పీల్చుకుంటుంది, చేతికి 170 మిల్లీలీటర్లు వస్తుంది. నాలుగు గ్లాసులకి సరిపోతుంది. ఫిల్టరు డికాక్షన్ అంత చిక్కగా ఉండదు, కానీ నీళ్లూ కాదు. పొద్దున్న ఏడింటికి బస్సు పట్టుకోవాల్సినవాళ్లకి ఏడు నిమిషాల్లో దొరికే ఈ డికాక్షన్ వరమే. చిన్న సైజులో, 450 వాట్లలో, డికాక్షన్ కోసమే అని అమ్మే మిషన్లు కూడా మన మార్కెట్లో ఉన్నాయి. పాలతో తాగే ఇంట్లో ఎవరైనా మిషనే కావాలంటే వాటిని ముందు చూడమంటాను.

ట్యాంకులో పాలు మాత్రం పోయకండి. మా మామగారు ఒక ఆదివారం మా మీద దయతలచి తనే కాఫీ పెడతానని ట్యాంకులో అరలీటరు పాలు పోసేశారు. స్విచ్ వేసే లోపు చూశాను కాబట్టి బతికిపోయాం. ఆ గొట్టంలో పాలు మాడితే తీసే మార్గం లేదు.

బోరు నీళ్లయితే ఆ గొట్టంలోనే సున్నం పేరుకుంటుంది. కాఫీ దిగడం నెమ్మదించిందన్నా, శబ్దం మారిందన్నా అదే కారణం. నెలకోసారి ట్యాంకు నిండా నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పొడి లేకుండా ఒకసారి నడిపించి, తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో నడపండి. మిషను వాడనప్పుడు మూత తెరిచి ఉంచండి, ముక్కిన వాసన రాదు.

మిగతావాటి మాటేంటి

స్టీలు ఫిల్టరు 400 నుంచి 900 దాకా. పాల కాఫీకి దీన్ని మించింది లేదు. రాత్రి వేసి పడుకుంటే పొద్దున్నకి సిద్ధం, కరెంటు పోయినా సిద్ధం. తప్పల్లా టైముదే, ఇరవై నిమిషాలకి తక్కువ కాదు. ఇత్తడిది చూడ్డానికి బాగుంటుంది, ఎవరు తోముతారో ముందే ఇంట్లో తేల్చుకుని కొనండి. చిల్లులు పూడుకుపోతే పై గిన్నె అడుగుని కాసేపు స్టవ్ మంట మీద పట్టుకుంటే మడ్డి కాలి రాలిపోతుంది, మా అమ్మ చేసేది, నేనూ చేస్తాను.

ఒక్కరే ఉండి బ్లాక్ తాగేవాళ్లకి ప్లాస్టిక్ శంకువు, పైన కాగితం, కాచిన నీళ్లు చేత్తో పోసుకోవడం. ఐదారువందల్లో అయిపోతుంది. నా మాట నమ్మితే రెండువేల మిషను చేసే కాఫీకంటే ఇదే బాగుంటుంది, ఎందుకంటే నీళ్లు ఎక్కడ పోయాలో మీ చెయ్యికి తెలుసు, ఆ ఒంటి చిల్లుకి తెలీదు. కానీ మూడు నిమిషాలు పక్కన నిలబడాలి. ముగ్గురికి పెట్టాలంటే విసుగు. అక్కడే మిషను గెలుస్తుంది: స్విచ్ వేసి స్నానానికి వెళ్లిపోవచ్చు.

ఫ్రెంచ్ ప్రెస్సు బాగానే ఉంటుంది, కడగడం నరకం. మా ఇంట్లో దాన్ని ఇప్పుడు మజ్జిగ చిలకడానికి వాడుతున్నారు. మోకా పాట్ (స్టవ్ మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ దింపే చిన్న గిన్నె) చిన్న బర్నరు ఉన్నవాళ్లకి, చేదు ఇష్టపడేవాళ్లకి, పాలు కూడా తట్టుకుంటుంది. క్యాప్సూల్ మిషన్ల (ఒక్కో కప్పుకి సరిపడా పొడిని సీలు చేసిన చిన్న డబ్బీలతో నడిచేవి) జోలికి ఈ బడ్జెట్‌లో వెళ్లొద్దు, మిషను ఒకసారే కొంటారు, క్యాప్సూళ్లు జీవితాంతం కొంటారు.

చివరికి మియాపూర్‌లో ఏమైందంటే

ముగ్గురికి గ్లాసుకి 40 చొప్పున 120 మిల్లీలీటర్ల డికాక్షన్ కావాలి, 40 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు పట్టే పై గిన్నె ఉన్నది చూడు అని చెప్పాను. 650 పెట్టి స్టీలు ఫిల్టరు కొంది. మిగిలిన డబ్బులో పావుకిలో పొడి, 20 శాతం చికోరీతో ఆడించుకుంది.

మొదటి రోజు పొద్దున్నే ఆరింటికి వీడియో కాల్. "అక్కా, ఒక్క చుక్క కూడా దిగలేదు, రాత్రి నుంచి అలాగే ఉంది." చూపించమన్నాను. పొడి మీద పెట్టే ఆ గొడుగు బిళ్లతో పొడిని ఇటుకలా అదిమి కూర్చుంది, ఎంత నొక్కితే అంత స్ట్రాంగ్ అనుకుందట. "బిళ్ల తీసి, చెంచాతో పై పొర కాస్త గీరి, మళ్లీ ఊరికే మీద పెట్టు, నొక్కకు. పక్కన రెండు తట్లు తట్టు" అన్నాను. అలా ఫోన్ పట్టుకుని ఇద్దరం చూస్తూ కూర్చుంటే, కింద గిన్నెలో టప్పుమని మొదటి చుక్క పడింది.

వెనక నుంచి ఎవరో అమ్మాయి, "నాకు పాలు వద్దు, నేను బ్లాకే తాగుతా" అంటోంది. ఈ ముక్క ముందు చెప్పాలి కదే అన్నాను. ఆ అమ్మాయి కోసం ప్లాస్టిక్ శంకువు ఆర్డర్ పెట్టారు, కాగితాలు ఏ నంబరువి కొనాలో రాత్రికి ఫోన్ చేస్తుందట.